కంప్యూటర్ గది గడప

మధులత మా మిద్దె మీది గదికి అద్దెకు దిగిన రోజున, సామాను మెట్లెక్కించకముందే ఆ పిల్లకు మా డోన్ దుమ్ము గురించి చెప్పాను.

"మా దుమ్ము మామూలుది కాదు పాపా. జంక్షన్‌లో రైలు ఆగి జనం టీ తాగేలోగా పెట్టెల పైకప్పుల మీద జానెడు మందం పడుతుంది. గుత్తిలో మొలకలొస్తాయి. గుంతకల్లులో టిక్కెట్ కలెక్టర్లు కొడవళ్లు పట్టుకొని కోతకు నిలబడి ఉంటారు."

ఆ పిల్ల కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఏం పంట తాతా?"

"కొర్ర."

"అబద్ధం. ఈ దుమ్ములో శెనిక్కాయ తప్ప ఏమొస్తాది? మాది కమలాపురం. మా నాయన సేద్యగాడు. దుమ్ము సంగతి నాకు చెప్తాండావా నువ్వు?"

నా కబుర్లకు ఎదురు కబురు చెప్పే మనిషి మా ఇంట్లో లేక చాలా కాలమైంది. మా ఆవిడ నాగలక్ష్మమ్మ నేను నోరు తెరవగానే రేడియో గొంతు పెంచుతుంది. అందుకని ఆ పిల్ల నాకు వెంటనే నచ్చింది.

మధులత లెక్కల టీచరు. డోన్ నుంచి రోజూ బస్సులో పలుగురాళ్లపల్లె హైస్కూలుకు వెళ్లి వచ్చేది. ఆ ఊరి చుట్టూ నాపరాళ్ల గనులు. ఊరికి ఒక పక్కన గనుల్లో పనిచేసేవాళ్ల గుడిసెలు ఉంటాయి. వాటిని కొట్టాలంటారు. కొట్టాల పిల్లలు గనుల మధ్య నుంచి చెప్పుల్లేకుండా నడిచి బడికి వస్తారు. బడి చేరేసరికి మోకాళ్ల దాకా తెల్లటి రాతిపొడి. దూరం నుంచి చూస్తే అందరూ తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టే ఉంటారు. నేను చదివిన కాన్వెంటు పిల్లలకు కూడా అంత తెల్లటి మేజోళ్లు ఉండేవి కావు.

అది రెండు వేల రెండో సంవత్సరం. సర్కారు బడులకు కంప్యూటర్లు వస్తున్నాయని, ప్రతి బడి నుంచి ఒకరు కర్నూలు వెళ్లి శిక్షణ పొందాలని ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టర్ రాఘవేంద్రప్రసాద్ స్టాఫ్‌రూమ్‌లో అడిగాడు. ఒకాయనకు మోకాలి నొప్పి. ఒకాయనకు మేనకోడలి పెళ్లి. ఇంకొకాయనకు కంప్యూటర్ గాలి పడదట. ఆయన అప్పటికి కంప్యూటర్‌ను చూసింది క్యాలెండర్ బొమ్మలో. అందరూ కలిసి, పెళ్లి కాని పిల్ల, సంసారం లేదు, పిల్లాజెల్లా లేరు, నువ్వే పో అన్నారు. అలా మధులత మా వైపు మొదటి కంప్యూటర్ టీచరైంది.

శిక్షణ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మా అరుగు మీద కూర్చొని, నాగలక్ష్మమ్మ ఇచ్చిన బొరుగులు తింటూ చెప్పింది.

"మిషను నేర్పడం కష్టం గాదు తాతా. ఆడ ఒక సారు చెప్పినాడు. మొదటి నెలలో ఎవరు ముందు కూచుంటారో, మిషను వాళ్లదే అయిపోతాదంట. మిగిలినోళ్లు జన్మంతా వాళ్ల వీపు చూసుకుంటా నిలబడాల్సిందేనంట."

"మీ బళ్లో ముందెవరు కూర్చుంటారు?"

"నువ్వే చెప్పు. బూట్లేసుకున్నోళ్లు." బొరుగుల గిన్నె పక్కన పెట్టింది. "నా బళ్లో అట్లా కానియ్యను. కొట్టాల పిల్లోళ్లు ఒక్కరు గూడా మిషను ముట్టకుండా పదో తరగతి దాటకూడదు. దాటితే నేను టీచర్నే గాదు."

అప్పుడు నేను మా కాన్వెంటు పియానో కథ చెప్పాను. కర్నూలులో నేను చదివిన కాన్వెంటులో చిన్న తరగతుల్లో మగపిల్లలను కూడా చేర్చుకునేవారు. అక్కడ హాల్లో ఊదారంగు గుడ్డ కప్పిన పియానో ఒకటి ఉండేది. గోళ్లు చూపించి, అవి శుభ్రంగా ఉంటేనే దాని దగ్గరికి వెళ్లి చూడనిచ్చేవారు. చూడటమే, ముట్టుకోవడం లేదు. ఆ పియానోలో ఒక ఎలుకల సంసారం కాపురం ఉండేదనీ, రాత్రిళ్లు తాతెలుక కుడివైపు, అవ్వెలుక ఎడమవైపు పరుగెత్తి ప్రార్థన గీతాలు వాయించేవనీ, మదర్ సుపీరియర్ మోకరిల్లి విని, తెల్లవారి ఎలుకలకు బాప్తిస్మం ఇచ్చిందనీ చెప్పాను. మధులతకు నవ్వి నవ్వి ఎక్కిళ్లు వచ్చాయి. నాగలక్ష్మమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చి, "ఈ మనిషి మాటలు నమ్మి చెడిపోవద్దు పాపా" అంది.

కంప్యూటర్లు లారీలో వచ్చాయి. ఊరంతా తరలివచ్చి టెంకాయ కొట్టింది. బడి కమిటీ చైర్మన్ ఓబుళేశు ప్రతి పెట్టెకూ పసుపు, కుంకుమ పెట్టాడు. ఆ గనులూ, ఊరి బయటి పాలిష్ ఫ్యాక్టరీ ఆయనవే. కుంకుమ ఎక్కడ పెట్టాలో తెలియక సీడీ పెట్టే చోట పెట్టాడు.

మధులత తన మాట నిలబెట్టుకుంది. వరస తయారు చేసింది. ఓబుళేశు కొడుకు వెనక బల్ల మీద ఎదురుచూస్తూ కూర్చోవలసి వచ్చేసరికి ఆయన బడికి వచ్చాడు.

"ఏమ్మా టీచరమ్మా, మావాన్ని కడాకు కూచోబెట్టినావంట?"

"వరస ప్రకారం అన్నా."

"ఏం వరస? పేర్ల వరసైతే మావాడు ముందుండాల గదా?"

"పేర్ల వరస గాదు. ఇంట్లో కరెంటు లేనోళ్ల వరస."

ఓబుళేశు పగలబడి నవ్వాడు. "అయితే మావాడు ముసిలోడైనాక వస్తాదిలే" అని వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకు అది తమాషాగానే ఉంది.

వరసలో ముందు వచ్చింది సుంకమ్మ అనే ఎనిమిదో తరగతి పిల్ల. కొట్టాల పిల్ల. మౌస్ చేతికివ్వగానే, "ఎలకంటే ఎలకే మేడం, తోక గూడా ఉండాది" అని అందరినీ నవ్వించింది. తెర మీద బొమ్మ వేసే చోట తమ కొట్టం వేయడం మొదలుపెట్టింది. నాలుగు గోడలు వంకరటింకరగా వచ్చాయి. తలుపు వచ్చింది. తలుపు పక్కన మేక వచ్చింది, అది కుక్కలా ఉంది. కప్పు వేయబోతుండగా గంట కొట్టారు.

"కప్పు మళ్లా వారం వేద్దువులే" అంది మధులత.

"అంతలోపల వానొస్తే?" అంది సుంకమ్మ.

ఆ మాట ఆ సాయంత్రం మధులత నాకు చెప్పి మురిసిపోయింది. ఆ బొమ్మను పిల్ల పేరుతో దాచిపెట్టానని కూడా చెప్పింది.

మళ్లీ వారం రాకముందే ఒక కంప్యూటర్ ప్రాణం వదిలింది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రవాడు పెట్టె విప్పి బోర్లిస్తే లోపల నుంచి రాతిపొడి రాలింది. ఊరందరికీ చపాతీలకు సరిపోయేంత పిండి అని నేను చెబుతుంటాను. పిడికెడు అని మధులత అంటుంది. ఆ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. "మేడం, ఇంకోటి ఇట్లా పోతే రిపేరు చేయరు. అన్నీ ఎత్తుకోని పోతారు" అన్నాడు.

మిషన్లు పోతే కొట్టాల పిల్లలకు మిగిలేదేమీ లేదు. ఓబుళేశు కొడుక్కు కర్నూలులో ఇంకో కంప్యూటర్ దొరుకుతుంది. సుంకమ్మకు దొరకదు. మధులత రెండు రాత్రులు ఆలోచించి, గది తలుపు పక్కన గోడ మీద నీలిరంగుతో రెండు నియమాలు తన చేత్తోనే రాసింది. దుమ్ము కాళ్లతో లోపలికి రారాదు. తడి చేతులతో తాకరాదు.

గది పక్కనే బోరు కొళాయి ఉండేది. అక్కడ కాళ్లు కడుక్కొని, గోనెపట్ట మీద తుడుచుకొని, చేతులు తువ్వాలుకు ఒత్తుకొని లోపలికి పోవాలి. పిల్లలకు అది ఆట అయింది. గుడికి పోయినట్టుందని సుంకమ్మ అందట. తన వంతు వచ్చినప్పుడల్లా ఇంకా మిషను ముట్టని చిన్నపిల్లలను కూర్చోబెట్టి, నా కప్పు మళ్లా వేస్తాలే అనేదట.

"అదే నా భయం. గుడి అయిందంటే పూజారి వస్తాడు" అన్నాను నేను.

"నీకు అన్నీ వంకరగానే కనపడతాయి తాతా" అంది మధులత.

ఆ తర్వాత ఆ ఏడంతా ఇంకో మిషను చెడలేదు. చుట్టుపక్కల బడుల్లో సగం మిషన్లు మూలనపడితే, పలుగురాళ్లపల్లెలో మాత్రం అన్నీ నడుస్తున్నాయని కర్నూలు నుంచి పెద్ద ఆఫీసరు చూడటానికి వచ్చాడు. బూట్లు విప్పి, కొళాయి కింద కాళ్లు కడుక్కున్నాడు. పేపర్లో ఫోటో వచ్చింది. ఆఫీసరు కాళ్లు, పక్కన చెంబుతో హెడ్మాస్టర్. మధులత మోచేయి కూడా పడింది.

తర్వాత ఆమెను టీచర్లకు శిక్షణ ఇచ్చేందుకు పిలిచారు. పిల్లలందరికీ సమానంగా, మిషన్లు పాడుకాకుండా కంప్యూటర్ చదువు నడిపించే నాయకులను తయారుచేయాలన్నారు. రెండు జిల్లాల్లో తిప్పారు. ఆత్మకూరు, కడప, కమలాపురం. తన సొంత ఊళ్లో తన పాత మాస్టర్లకే పాఠం చెప్పి వచ్చినప్పుడు, తెచ్చిన మిఠాయిల కంటే ఆ పిల్ల మొహమే తియ్యగా ఉంది. వరస గురించి ఒక పూట చెప్పేదట. కాళ్ల నియమం గురించి పది నిమిషాలు. వరస గురించి చెబుతుంటే టీచర్లు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు. కాళ్ల నియమం రాగానే అందరూ పెన్నులు తీసేవాళ్లు. అది రాసుకోవడానికి వీలైనది. గోడ మీద పెయింటుతో పూర్తయ్యేది.

మరుసటి ఏడు వానలు పోయాయి. మా వైపు వానలు పోవడం వార్త కాదు గాని, ఆ ఏడు మరీ పోయాయి. మేఘాలు మా ఊరి మీదికి వచ్చి, కింద చూసి, బస్సు తప్పిపోయిన ప్రయాణికుల్లా అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయేవి. పలుగురాళ్లపల్లె బడి బోరు దసరా నాటికి ఎండిపోయింది. గోడ మీది రాత ఎండలేదు.

మధులతకు ఆ సంగతి సంక్రాంతి సెలవులు అయ్యాక తెలిసింది. అంతదాకా ఊళ్లు పట్టుకు తిరుగుతోంది. ఆ రోజు బడికి వెళ్లేసరికి తొమ్మిదో తరగతికి కంప్యూటర్ పీరియడ్ నడుస్తోంది. ఆమె లేనప్పుడు హెడ్మాస్టర్ తాళం తీసి ఇస్తే పిల్లలే నడుపుకునేవాళ్లు. లోపల ఊరి పిల్లలు ఒక్కొక్క మిషను ముందు ఒక్కొక్కరు హాయిగా కూర్చున్నారు. బయట వరండాలో కొట్టాల పిల్లలు గోడకు ఆనుకొని కూర్చున్నారు. సుంకమ్మ కిటికీ ఊచల దగ్గర ఉంది. పాదాలు పావడా కిందికి దాచుకుంది.

"ఏం సుంకమ్మా, లోపలికి పోలేదేం?"

"మా కాళ్లు బాగుండవు మేడం."

"బాగుండకపోవడమేంది? దెబ్బ తగిలిందా?"

"దుమ్ముకాళ్లు గదా. బోరు ఎండిపాయ. ఊళ్లో పిల్లోళ్లు ఇంట్లో కడుక్కోని చెప్పులేసుకోని వస్తారు. మాకు కొట్టాల్లో తాగేదానికే లేవు."

"ఎప్పట్నుంచి ఇట్లా కూచుంటాండారు?"

"దసరా నుంచి. ఈడ బాగానే ఉంటాది మేడం, నీడ." నవ్వింది. "మా ఇంటికి కప్పు ఇంకా పడలేదు. వాన రాలేదు కాబట్టి బతికిపోతిమి."

ఆ సాయంత్రం మధులత మా అరుగు మీద కూర్చుంది గాని బొరుగులు ముట్టలేదు. "ఆ పిల్ల నామీద కోపగించుకోలేదు తాతా. కోపగించుకోనుంటే బాగుండు. మా కాళ్లు బాగుండవు అనింది. నా రాతను నాకే అప్పజెప్పింది" అంది.

మరునాడు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి నియమం చెరిపేద్దామంది.

రాఘవేంద్రప్రసాద్ చెడ్డవాడు కాదు. ఆయన ఎవరికీ చెడు చేయడు. ఏదీ చేయడు. "నియమం మీరు పెట్టిందే కదమ్మా. ఆఫీసరుగారు మెచ్చుకున్నారు. పేపర్లో పడింది. ఇప్పుడు చెరిపితే, ఎందుకు చెరిపారని అడుగుతారు. ఏమని రాయను?"

"నీళ్లు లేవని రాయండి సార్."

"నీళ్లు లేవని రాస్తే, నీళ్లు లేని బడి ఎలా నడుపుతున్నావని అడుగుతారు."

తడిగుడ్డ ఒకటి గడపలో వేస్తే చాలు, దాని మీద కాళ్లు రుద్దుకొని పోతారు అంది. గుడ్డ తడవడానికి నీళ్లెక్కడివన్నాడు ఆయన. అక్కడి నుంచి మధులత ఓబుళేశు పాలిష్ ఫ్యాక్టరీకి నడిచి వెళ్లింది. అక్కడ ట్యాంకర్లతో తెచ్చిన నీళ్లు పగలంతా రాళ్ల మీద పారుతూనే ఉంటాయి. నీళ్లు పడకపోతే నాపరాయికి నునుపు రాదు.

"ఒక డ్రమ్ము నీళ్లు బడికి పంపించన్నా. పిల్లోళ్లు కాళ్లు కడుక్కుంటారు."

"ఈ నీళ్లు రాయికమ్మా. రాయి తడవకపోతే మిషను పగుల్తాది."

"పారిపోయే నీళ్లే గదా అన్నా."

"పారిపోవు. గుంతలో తేరుకుంటే మళ్లా ఎక్కిస్తాం. మాకూ కరువే గదమ్మా."

"దుమ్ము మీ గనిదే గదన్నా."

ఓబుళేశు ఈసారి నవ్వలేదు. "గని నాదే. కాళ్లు వాళ్లవి. ఇంట్లో కరెంటు లేనోళ్ల వరస అంటివి, ఊరుకుంటి. ఇప్పుడు కాళ్లు కడుక్కోనోళ్ల వరసంటాండావు. మిషన్లు పోతే మా పిల్లోళ్ల గతేంది? నువ్వు పెట్టిన రూలే గదా, నువ్వే తీస్తానంటే ఎట్ల? రూలంటే రూలే."

ఆ తర్వాత మధులత రోజూ రెండు క్యాన్ల నీళ్లు బస్సులో మోసుకుపోవడం మొదలుపెట్టింది. మా కిరాణా అంగడికి నూనె వచ్చిన క్యాన్లు. నాగలక్ష్మమ్మ వాటిని కుంకుడుకాయ రసంతో కడిగి ఇచ్చింది. డోన్‌లో కూడా మునిసిపాలిటీ నీళ్లు వాళ్లకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి. "తోడేది నేను, పుణ్యం దానికి" అని గొణుగుతూనే మా ఆవిడ తెల్లవారకముందే క్యాన్లు నింపి మెట్ల దగ్గర పెట్టేది. నేను మా స్నానాలు తగ్గించాను. మా వీధిలో నా కంటే ముందు నా వాసన వస్తోందని పిల్లలు నవ్వితే, ఇది రాజుల కాలం నాటి అత్తరు అని చెప్పాను.

బడిలో మధులత వరండాలో కింద కూర్చొని తడిగుడ్డతో ఒక్కొక్కరి కాళ్లు తుడిచి లోపలికి పంపేది. నీళ్లు పొదుపుగా వాడాలి, పిల్లలకు వదిలితే ఒలకబోస్తారు. అందుకని తానే తుడిచేది. సుంకమ్మ చిన్నపిల్లలను ముందుకు తోసి చివర నిలబడేది. ఆమె వంతు వచ్చేసరికి క్యాన్ ఖాళీ అయ్యేది, లేదా గంట కొట్టేవారు.

"ముందు నిలబడు సుంకమ్మా."

"వాళ్లు ఏడుస్తారు మేడం. నాకు ఏడుపు రాదులే."

ఈ తుడవడం ఊరికి నచ్చలేదు. మా పిల్లోళ్లకు లెక్కలు దిద్దే చేత్తో వాళ్ల కాళ్లు పట్టుకుంటుందా అని రచ్చకట్ట దగ్గర మాట పుట్టింది. స్టాఫ్‌రూమ్‌లో మధులత నీళ్లు తాగే గ్లాసు విడిగా కిటికీలోకి వెళ్లింది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గ్లాసుకు కాళ్లొచ్చి నడిచి వెళ్లిందేమో. నేను చెప్పే కథల్లోలాగా.

"మీరు ఇంత కష్టపడటం నేను చూడలేకపోతున్నాను" అన్నాడు హెడ్మాస్టర్. చూడకుండా ఉండే మార్గం కూడా ఆయనే వెతికాడు. ఇంత సమర్థురాలిని ఒక్క బడికి కట్టేయకూడదని, శిక్షణ కేంద్రానికి పూర్తికాలం పంపమని పైకి రాశాడు. ఆ రాత మాత్రం చకచకా కదిలింది. కర్నూలులో సభ పెట్టి, ఉత్తమ కంప్యూటర్ ఉపాధ్యాయురాలిగా శాలువా కప్పి, ఆ వేదిక మీదే కడపకు పంపిస్తున్న ఉత్తర్వు చేతికిస్తారని తెలిసింది.

"నేను సభలో మాట్లాడతా తాతా" అంది మధులత. "నా నియమం ఇప్పుడు రెండు జిల్లాల గోడల మీద ఉండాది. ఒక్కొక్క గోడ నేను చెరపలేను. తప్పు నాదని ఆఫీసరు ముందర చెప్తా. ఆయన ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. పోయేలోగా ఆ పిల్ల కప్పు వేసుకుంటాది."

నేను కూడా సభకు వెళ్లాను. కొత్త పంచె కట్టుకొని మొదటి వరసలో కూర్చున్నాను. మధులత బాగా మాట్లాడింది. గోడ మీద రాసింది తానేనని చెప్పింది. ఆ రాత వల్ల మిషన్లు బతికాయి, పిల్లలు గడప బయట మిగిలారు అని చెప్పింది. "దుమ్ము పడి మిషను చెడితే బాగు చేసుకోవచ్చు. మా కాళ్లు బాగుండవు అని ఒక పిల్ల అనుకున్నాక దాన్ని బాగుచేసే ఇంజనీరు యాడా లేడు. దయచేసి ఆ నియమం తీసేయండి" అంది.

చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి. ఆఫీసరు లేచి మైకు అందుకున్నాడు. పిల్లల పాదాల శుభ్రత గురించి కంటనీరు పెట్టించేలా ఒక స్త్రీ మాత్రమే మాట్లాడగలదన్నాడు. శాలువా కప్పాడు. భోజనాలకు పిలుపు వచ్చింది.

భోజనాల దగ్గర ఆత్మకూరు నుంచి వచ్చిన జ్ఞానేశ్వర్ అనే మాస్టారు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె శిక్షణలో మొదటి బల్ల మీద కూర్చొని రాసుకున్నవాడు. "మీ మాటలు కదిలించాయి మేడమ్. మా బళ్లో ఆ బాధ రాకుండా ముందే చూసుకున్నాం. శుభ్రంగా రాలేని పిల్లల పేర్లు కంప్యూటర్ క్లాసులో రాయడమే మానేశాం. బయట కూర్చోవడం అనే అవమానమే లేదు. ఆ పీరియడ్‌లో వాళ్లకు తోటపని" అన్నాడు.

మధులత చేతిలోని విస్తరిని అలాగే పట్టుకొని నిలబడింది. ఆయన అది మెప్పుగా తీసుకున్నాడు.

ఆ వారమే కడప వెళ్లిపోవలసి వచ్చింది. ఆమె వెళ్లాక బడిలో కంప్యూటర్ ముట్టే టీచరు లేడు. హెడ్మాస్టర్ గదికి తాళం వేసి, మిషన్ల మీద గుడ్డలు కప్పించాడు. ఊరి పిల్లలకు కర్నూలులో, డోన్‌లో కోచింగులు దొరికాయి. వరండాలో కూర్చునేవాళ్లకు వరండా కూడా పోయింది. లోపల చూడటానికి ఏమీ లేదు కదా.

కడపలో మధులత శిక్షణకు కొద్ది రోజుల్లోనే పేరొచ్చింది. మంచి పేరు కాదు. మొదటి రోజు టీచర్లు చెప్పులు విడిచి లోపలికి రాబోతే, గడప దగ్గర ఆపి సగం మంది పాదాల మీద పిడికెడు రాతిపొడి పోసేదట. వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, మిగిలిన సగానికి లోపల పాఠం చెప్పేదట. పూటంతా. మంచినీళ్లకు లేచినా ఊరుకునేది కాదట. మధ్యాహ్నం లోపలికి పిలిచి, మీరు లోపల ఏం నేర్చుకున్నారు, మీరు బయట ఏం నేర్చుకున్నారు అని రెండు గుంపులనూ అడిగేదట. కొందరు ఏడ్చారట. చాలామంది పైకి ఫిర్యాదులు రాశారట. "ఆ మేడానికి కొంచెం తిక్క" అని మా అంగడికి వచ్చిన ఒక మాస్టరే నాతో అన్నాడు. "కొంచెం కాదు నాయనా, నిండా" అని నేను బెల్లం తూచి ఇచ్చాను.

రెండు వేల ఎనిమిదిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, మధులత డోన్ వచ్చింది. భుజాన ఒక నల్లటి సంచి. అందులో మడిచే కంప్యూటర్. శిక్షణ కోసం డిపార్ట్‌మెంటు ఇచ్చింది. తలలో నెరిసిన వెంట్రుకలు కనిపిస్తున్నాయి.

"పలుగురాళ్లపల్లెకు పోదాం రా తాతా."

"దేనికి?"

"బడి వదిలిపోయేటప్పుడు ఆ పిల్ల బొమ్మ కాపీ చేసి పెట్టుకున్నా. కప్పు వేయిస్తా."

ఆటోలో వెళ్లాం. కొట్టాల్లో అడిగితే సుంకమ్మ ఓబుళేశు ఫ్యాక్టరీలో ఉందన్నారు. పదో తరగతి పరీక్ష రాసి, పాసై, మరుసటి వారమే పనిలో చేరిందట.

ఫ్యాక్టరీలో మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి. ప్రతి రాయి మీదా పైపులోంచి నీళ్లు దూకుతున్నాయి. కింద పాలలా తెల్లటి నీళ్లు పాదాలు మునిగేంత పారుతున్నాయి. ఆ నీళ్లలో నిలబడి సుంకమ్మ నునుపైన రాళ్లను ఎత్తి గోడకు ఆనిస్తోంది. పెద్దమ్మాయి అయింది. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. దగ్గరికి వచ్చి, ముందు మా వైపు కాదు, తన కాళ్ల వైపు చూసుకుంది. పగలంతా తడిలో నాని ఆ పాదాలు తెల్లగా ఉబ్బి, మడమలు చీలి ఉన్నాయి.

"చూడు మేడం, ఎంత శుభ్రంగా ఉండాయో" అంది. "ఇప్పుడైతే హెడ్మాస్టరు సారు గూడా వద్దనడు."

మధులత ఒక రాళ్ల దొంతి మీద సంచి పెట్టి కంప్యూటర్ తెరిచింది. తెర వెలిగింది. నాలుగు వంకర గోడలు, తలుపు, కుక్కలాంటి మేక. మీద కప్పు లేదు.

సుంకమ్మ వంగి చూసింది. కాసేపు ఆమె మొహం ఎనిమిదో తరగతిదైపోయింది. "మా మేక!" అంది. "అది సచ్చిపాయ మేడం."

"కప్పు వెయ్యి సుంకమ్మా. వేలితో ఈడ రుద్దితే చాలు, గీత పడతాది."

సుంకమ్మ చెయ్యి చాచింది. మోచేతి నుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి. అది చూసుకొని చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహం మళ్లీ పెద్దమ్మాయిదైంది.

"చేతులు తడి మేడం. తడి చేత్తో ముట్టగూడదని మీరే గదా గోడ మీద రాసిండేది?"

"తుడుచుకో." మధులత తన కొంగు పట్టుకొని ముందుకు చాచింది. "సుంకమ్మా, తుడుచుకోమ్మే."

"మంచి చీర. ఈ మరక పోదు." నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఎంత వేళాకోళమో, ఎంత మర్యాదో నాకు ఈనాటికీ తేలలేదు. ఇంతలో లోపలి నుంచి మేస్త్రీ కేక వేశాడు. "వస్తాండా అన్నా" అని ఆమె తిరిగి అరిచింది. "నీళ్లు ఆపితే రాయి కాలిపోతాది మేడం. పోతా. తాతా, ఈ మేడాన్ని ఎండలో తిప్పొద్దు."

పోయి రాయి ఎత్తింది. మళ్లీ ఇటు చూడలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో మధులత ఒళ్లో కంప్యూటర్ మూత మీద తెల్లటి చుక్కలు పడి ఉన్నాయి. ఆరుతూ ఉన్నాయి. తుడవలేదు. చాలా దూరం వచ్చాక అడిగింది.

"తాతా, ఆ పియానో సంగతి నిజం చెప్పు. ఏమైంది అది?"

నా దగ్గర దానికి ఎలుకల ముగింపు ఒకటి ఉంది, తుంగభద్ర వరదలో వాయించుకుంటూ కొట్టుకుపోయిన ముగింపు ఒకటి ఉంది.

"నేను ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ వాయించలేదమ్మా" అన్నాను. "లోపల చెదలు పట్టాయి. పైన గుడ్డ మాత్రం ప్రతి శనివారం ఉతికేవాళ్లు."